నారింజతోక నలికిరి

బల్లి పలికినచో అప్పుడనుకొన్న మాట నిజమగునని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. అది మీద పడినచో పంచాంగము చివరి పుటలు త్రిప్పి ఫలము చూచుకొందుము. కంచి వరదరాజస్వామి కోవెలలోని బంగారుబల్లిని తాకి వచ్చినవారు ఇరుగుపొరుగువారిని తాకి ఆ పుణ్యమును పంచిపెట్టుట కూడ కలదు. ఇట్లు బల్లితో మనకు గల చుట్టరికము చిన్నది కాదు. కాని దాని జ్ఞాతియైన నలికిరి మాట వచ్చునప్పటికి మన మనస్సులు వేరగును. దానికి నలికండ్లపామని పేరు పెట్టితిమి. పేరులో పాము చేరినందున చేతికి కఱ్ఱ వచ్చినది.

మా పాఠకురాలగు నొక సోదరి క్రిందటి నెలలో వ్రాసిన జాబే ఈ ప్రసంగమునకు కారణము. నూతిగట్టు వద్ద కొబ్బరిమట్టల క్రిందనుండి ఎఱ్ఱతోక గల నలికిరిపిల్ల యొకటి బయటికి వచ్చెనట. పనిమనిషి దానిని కొట్టి చంపెను. తోక మాత్రము తెగి, చాలసేపు తనంతట తానే ఎగిరిపడుచుండగా చూచి పిల్లలు భయపడిరి. "ఇది విషజంతువా? చంపుట తప్పా, ఒప్పా?" అని ఆమె ప్రశ్న.

విషజంతువు కాదు. లోకమున నలికిరిజాతులు వేయికి పైబడి యున్నవి. మనుష్యునకు హానిచేయు విషము వానిలో దేనికిని లేదు. అవి పురుగులను, చీమలను, బొద్దింకలను తిని బ్రదుకును. తోక తెగుట వాని ఆత్మరక్షణోపాయము. శత్రువు దృష్టి ఎగిరిపడు తోకపై నుండగా ప్రాణి తప్పించుకొని పోవును. కొలది కాలమునకు మరల తోక మొలచును. కొన్నిజాతుల పిల్లలకు తోక ఎఱ్ఱగా నుండుటకు కారణ మిదియే యని పండితుల అభిప్రాయము. దెబ్బ తగిలినను తలకు తగులక తోకకు తగులుట మేలు గదా! మన సంస్కృతనిఘంటువులలో ఈ జాతికి రక్తపుచ్ఛిక యను పేరు కలదు. పూర్వులు దీనిని శ్రద్ధగా చూచియే ఆ పేరు పెట్టియుందురు.

ఇంతటితో జవాబు ముగింపవచ్చును. కాని ఆ జాబు చదువుచుండగా మాకు మఱియొక ఎఱ్ఱతోక నలికిరి జ్ఞప్తికి వచ్చినది. దాని నివాసము హిందూమహాసముద్రములోని యొక చిన్నలంక. దాని కథలో మన కోరంగి రేవు కలదు, మన వంటింటి చుంచు కలదు, మన ధాన్యపుకుండ కూడ కలదు. కావున ఈ నెల దానినే చెప్పెదము.

మడగాస్కరునకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున మారిషస్ ద్వీపము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున చెఱకుతోటలలో పనిచేయుటకు మనదేశమునుండి లక్షలకొలది కూలీలు అచటికి పోయిరి. వారిలో తెలుగువారును కలరు. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి పోయినవారిని బట్టి తెలుగువారి కందఱకును అచట కోరంగీలని పేరు వచ్చినది. నేటికిని అచట ఉగాదినాడు దేశమంతటికి సెలవు. అట్టి దేశపు ముచ్చట మనకు పరాయిముచ్చట కాదు.

మనుష్యుడు కాలు పెట్టకముందు ఆ ద్వీపమున ఎలుక లేదు, పిల్లి లేదు, కుక్క లేదు. పాలిచ్చి పిల్లలను పెంచు జంతువులలో గబ్బిలములు తప్ప మఱేవియు ఆ నేలపై లేవు. డోడో యను ఎగురలేని పెద్దపక్షియు, మహాకూర్మములును, నానావిధములగు బల్లులును, నలికిరులును నిర్భయముగా నుండెడివి. 1598లో డచ్చివారు అచట దిగిరి. ఓడలలో ఎలుకలును, వెంట పిల్లులును, పందులును, కోతులును వచ్చినవి. నూఱేండ్లు గడువకుండగనే డోడోపక్షి నామావశేషమైనది. పెద్దద్వీపమున నుండిన సరీసృపములలో పెక్కింటికి నేడు ఎముకలు మాత్రమే గుర్తు.

అయినను కొన్ని ప్రాణులు బ్రదికినవి. ఎట్లు? మారిషస్‌నకు ఉత్తరమున సముద్రమునందు నాలుగైదు చిన్నలంకలు కలవు. వేలయేండ్ల క్రిందట, భూమిపై మంచు పెరిగి సముద్రమట్టము తగ్గియున్న కాలమున, ఆ ప్రాంతమంతయు ఒకే నేల. తరువాత నీరు పెరుగగా ఎత్తైన చోట్లు మాత్రము లంకలుగా మిగిలినవి. వానిపై చిక్కుకొన్న బల్లులును నలికిరులును అచటనే సంతతి పెంచుకొన్నవి. పెద్దద్వీపమున ఎలుకల పాలబడి నశించిన జాతులు కొన్ని ఈ లంకలలో నిలిచినవి. ఇల్లు కాలినప్పుడు పెరటిగదిలో మిగిలిన పెట్టె వంటివి ఆ లంకలు.

అందులో ఒకటి ఫ్లాట్ ఐలండ్. బల్లపరుపు లంక యని దాని యర్థము. విస్తీర్ణము సుమారు 250 హెక్టార్లు, అనగా ఆఱువందల ఎకరములకు కొంచెము పైన. 1855లో కట్టిన దీపస్తంభము దానిపై కలదు. ఈ లంకకును, ప్రక్కనున్న గేబ్రియల్ లంకకును మన చరిత్రలో ఒక విషాదస్థానము కూడ కలదు. కలరా భయముచేత, వచ్చిన ఓడలలోని జనులను పెద్దద్వీపమున దింపక ఈ లంకలపై నిలిపి యుంచెడివారు. 1856లో కలకత్తానుండి వచ్చిన రెండు ఓడలలోని కూలీలను గేబ్రియల్ లంకపై దింపి, చాలినంత నీడయు నీరును లేకుండ విడిచిరి. రెండువందలకు పైబడి జనులు అచట ప్రాణములు విడిచిరి. వారిలో తల్లులును పిల్లలును ఉండిరి. ఆ నేలను తలచునప్పుడు వారిని తలపకుండుట ధర్మము కాదు.

ఈ ఫ్లాట్ ఐలండ్‌పై 1995లో శాస్త్రజ్ఞులకు ఒక నలికిరి కనబడినది. అది జానెడుకు మించని ప్రాణి. ఒడలు గోధుమవన్నె, నున్నని పొలుసులు, పొట్టికాళ్ళు. తోక మాత్రము పండిన నారింజవలె మెఱయుచుండెను. చెట్లనీడలో రాలిన ఆకులక్రింద పురుగులను వెదకికొని తినుట దాని వృత్తి. ప్రపంచమున మఱెచ్చటను అది లేదు. దానికి నారింజతోక నలికిరి యని పేరు పెట్టిరి. ఎలుకలును పిల్లులును ఆ లంకపై నుండగనే అది ఏలాగో బ్రదికియున్నది. 1998 ప్రాంతమున ప్రభుత్వమువారును ప్రాణిసంరక్షకులును పూనుకొని ఎలుకలను, పిల్లులను అచటనుండి నిర్మూలించిరి. ఇక నలికిరికి భయము లేదని అందఱు ననుకొనవచ్చును గదా!

కాని ఆ పని చేసినవారు అట్లనుకొనలేదు. "ప్రపంచములోని సొత్తంతయు ఒకే లంకపై నున్నది. ఆ లంకకు ఏదైన జరిగినచో?" అని వారికి దిగులు పుట్టినది. కావున 2008 మొదలుకొని కొన్ని వందల నలికిరులను జాగ్రత్తగా పట్టి, సమీపముననే యున్న గన్నర్స్ కోయిన్ అను మఱియొక లంకకు చేర్చిరి. దానిపై నుండిన ఎలుకలను అంతకుముందే తొలగించి యుండిరి. కొన్నింటిని ఇంగ్లీషు కాలువలోని జెర్సీ ద్వీపమునందలి జంతుశాలకు పంపిరి. చూచువారికి ఇది వృథాప్రయాసగా తోచియుండవచ్చును. సుఖముగా నున్న ప్రాణిని కదలించుట యెందులకు?

2010లో దానికి జవాబు వచ్చినది. ఫ్లాట్ ఐలండ్‌పై చుంచు కనబడెను.

చుంచును మీ కెఱిగింప నక్కఱలేదు. దీపము తగ్గించిన పిమ్మట గోడవారగా కీచుకీచుమనుచు పరుగెత్తు ఆ మూతికోలను చూడని గృహిణి లేదు. ఎలుకవలె కనబడినను అది ఎలుకజాతి కాదు. గింజలకన్న పురుగులే దానికి ప్రియము. చూపు మందము, వాసన పట్టుటలో మాత్రము మేటి. దాని మేనినుండి వచ్చు కంపుచేత పిల్లి కూడ తరచు దానిని చంపి తినక విడుచును. తల్లిచుంచు వెంట పిల్లలు ఒకదాని తోకమొదలు నొకటి నోట పట్టుకొని రైలుబండివలె సాగిపోవుట చూడముచ్చటయైన సంగతి. మన యిండ్లలో అది బొద్దింకలను తిని మేలే చేయును. దీని పుట్టిల్లు మన దక్షిణాసియా ఖండమే. ఓడలవెంట అది దేశదేశములకు పోయినది, మారిషస్‌నకును పోయినది.

కాని ఇచట మేలుచేయు ప్రాణి అచట యముడైనది. ఏలయన, నలికిరి యుండునది ఆకులక్రింద. చుంచు వేటాడునదియు ఆకులక్రిందనే. కంటితో చూచు శత్రువునకు ఎఱ్ఱతోక చూపి తప్పించుకొనవచ్చును. వాసన పట్టి వచ్చు శత్రువునకు తోక రంగుతో పనియేమి? దాక్కొన్న పెద్దవానిని, అప్పుడే గ్రుడ్డు వెడలిన పిల్లలను చుంచు వరుసగా వెదకి పట్టును. పైగా దానికి చూలు నెలదినములే. ఒక జంట అడుగుపెట్టినచో లంక నిండుటకు ఎన్నాళ్లు పట్టును? రెండేండ్లు తిరుగకుండగనే ఫ్లాట్ ఐలండ్‌పై ఒక్క నారింజతోక నలికిరియు కనబడకపోయెను. వేలయేండ్లు సముద్రమును, గాలివానలను, ఎలుకలను, పిల్లులను ఓర్చిన జాతి తన పుట్టినింట రెండేండ్లలో మాసిపోయినది.

చుంచు సముద్రము నీది రాలేదు. అంతదూరము ఈదగల ప్రాణి కాదది. ఏదో యొక పడవలో, ఏదో యొక మూటలోనో పెట్టెలోనో దాగియే రావలెను. ఆ లంకకు విహారార్థము జనులు పోవుట కలదు. పనులకై సామానులు చేరవేయుటయు కలదు. తెచ్చినవానికి తాను తెచ్చితినని తెలియదు. ద్వేషముతో చేసిన పని కాదు, చూచుకొనకపోవుటచేత జరిగిన పని. లోకమున పెక్కు నష్టములు ఇట్లే జరుగుచుండును.

అయినను ఆ జాతి అంతరింపలేదు. ముందుగా గన్నర్స్ కోయిన్‌నకు చేర్చినవి అచట కుదురుకొని పిల్లలను పెట్టినవి. ఆ రెండుమూడేండ్ల దూరదృష్టియే లేకున్నచో నేడు ఆ నారింజవన్నె తోక సీసాలోని ద్రావకమున మాత్రమే మిగిలియుండెడిది.

సోదరీమణులారా! ఈ నీతి మన కెవ్వరు నేర్పవలెను? విత్తనములు ఒకే కుండలో పెట్టరాదని మన అవ్వలు చెప్పిన మాటయే గదా! కందివిత్తులు కొన్ని అటకమీద బూడిదలో కలిపి, కొన్ని ఉట్టిమీది పిడతలో కట్టి, కొన్ని పుట్టినింటికి పంపి దాచెడివారు. ఒకచోట పురుగు పట్టినను మఱియొకచోట బ్రదుకును. పురుగు పట్టిన పిదప పంచిన ప్రయోజనము లేదు, పట్టకముందే పంచవలెను. సముద్రము నడుమ శాస్త్రజ్ఞులు చేసినది ఆ కాపుటిల్లాలి పనియే.

మారిషస్‌వారికి ఈ బుద్ధి ఒకనాటిలో వచ్చినది కాదు. ఉత్తరపు లంకలలోనే రౌండ్ ఐలండ్ అని యొకటి కలదు. పూర్వమెవరో దానిపై మేకలను, కుందేళ్లను విడిచిరి. అవి మొలచిన మొక్కనెల్ల మేసివేయగా, వేళ్ళు లేని మన్ను వానలకు సముద్రము పాలైనది. తాటిజాతి చెట్లు కొలదిగా మాత్రము మిగిలినవి. ఆ లంకపై టెల్‌ఫేర్ నలికిరి యను పెద్దజాతి కలదు. అది మూరెడుకు లోబడిన పొడవుగలది. మనుష్యుని చూచి పాఱిపోక దగ్గరకు వచ్చి చూచు సాధుప్రాణి. 1976లో జెరాల్డ్ డరెల్ అను ప్రాణిప్రియుడు అచటికి పోయి, దాని దుర్దశ చూచి, కొన్నింటిని జెర్సీలోని తన జంతుశాలకు కొనిపోయి సంతతి పెంచెను. ఈ డరెల్ మనదేశమున జంషెడ్‌పురములో 1925లో పుట్టినవాడు. 1979నాటికి రౌండ్ ఐలండ్‌నుండి మేకలను, 1986లో కుందేళ్లను తొలగించిరి. పచ్చదనము మరల తల యెత్తినది. నలికిరులు పెరిగినవి. 2006, 2007 సంవత్సరములలో వానిని గన్నర్స్ కోయిన్‌నకును, ఆగ్నేయతీరమందలి ఇల్ ఒ ఎగ్రెట్ అను పగడపుఱాతి లంకకును చేర్చి, అచటను నిలిపిరి.

2020 జూలై 25వ తేదీన వకాషియో అను పెద్దనౌక ఆ ఆగ్నేయతీరమున పగడపుదిబ్బల కెక్కి చిక్కుకొన్నది. ఆగస్టు మొదటివారమున నూనె చిమ్మి సముద్రము నల్లబడినది. ఆ ప్రాంతపు చిన్నలంకలపై మాత్రమే మిగిలిన బల్లులును నలికిరులును కొన్ని కలవు. సంరక్షకులు జాగుచేయక మూడుజాతులను కొన్నికొన్నిగా పట్టి జెర్సీకి పంపిరి. అచట వానికి పిల్లలు కలిగినవి. మరల రెండవకుండయే గతియైనది.

ఇచట మీలో కొందఱు ఒక ప్రశ్న వేయవచ్చును. "మనుష్యులే దిక్కులేక చచ్చిన ఆ లంకలపై బల్లికొఱకు ఇంత తాపత్రయ మేల?" అని. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. మేమును దానిని తలచి చూచితిమి. 1856లో రోగము పెద్దద్వీపమునకు ప్రాకకుండ నిలుపవలెననుట తప్పు కాదు. నిలిపినవారికి నీరు, నీడ, మందు లేకుండ చేయుట తప్పు. కాపలా మంచిదే, దయలేని కాపలా పాపము. నేడు రౌండ్ ఐలండ్‌నకు పోవువారి సంచులను, చెప్పులను, బట్టలమడతలను విప్పి, విత్తుగాని పురుగుగాని చుంచుగాని లేదని చూచినమీదటనే పోనిత్తురు. ఎవ్వరిప్రాణమును పోదు, ఓపిక మాత్రము కొంత కావలెను. మనుష్యులయెడ దయ కలవాడు బల్లియెడ దయ చూపినచో మొదటిదానికి లోటు రాదు. దయ ధాన్యము వంటిది కాదు, కొలిచిన తఱుగుటకు.

అయినను ఒక మాట దాచరాదు. గన్నర్స్ కోయిన్‌పై నలికిరి బ్రదికినది, కాని ఫ్లాట్ ఐలండ్ దానికి పోయినది. చుంచు అచట నున్నంతవరకు ఆ ప్రాణికి పుట్టిల్లు లేదు. ఆకులంత చిన్న ప్రాణిని లంకనుండి లంకకు మోయవచ్చును, పోయినచోటును తిరిగి తెచ్చుట మాత్రము కష్టము. కావున పంచిపెట్టుకన్న ముందు చేయవలసినది చూచుకొనుట.

ఆ చూచుకొనుటయే గృహిణి విద్య. పల్లెనుండి వచ్చిన బియ్యపుబస్తాను వాకిట దింపి, దులిపి, ఎండబెట్టి గాని లోనికి తీసికొనము. ఊరినుండి వచ్చిన పరుపుచుట్టను విప్పి నల్లులకై వెదకుదుము. ఈ అలవాటును చాదస్తమని నవ్వువారు కలరు. ఇట్టి చాదస్తము గలవారొక్కరు ఆ పడవ యెక్కునప్పుడు రేవున నిలిచియున్నచో, ఒక జాతి తన యిల్లు పోగొట్టుకొనకుండెడిది.

కావున, జాబు వ్రాసిన సోదరికి మా మనవి యిది. మీ నూతిగట్టు వద్దకు మరల నలికిరి వచ్చినచో కఱ్ఱ నెత్తవలదు. పనిమనిషిని పిలిచి, ఇది పాము కాదు, మన పెరటి పురుగులను తిను ప్రాణి యని చెప్పుడు. పిల్లలను కూర్చుండబెట్టి, ఆ ఎఱ్ఱతోక యెందులకో, అది తెగినను తిరిగి యెట్లు మొలచునో తెలుపుడు. కొబ్బరిమట్టలు తీయునప్పుడు మొదట కొనతో కదలించి, లోనున్నది తప్పుకొన్న పిమ్మట చేయి పెట్టుడు. అట్లు చేసినచో తేలుకాటును తప్పును, నలికిరి ప్రాణమును దక్కును.

మన నలికిరికి లంక యొక్కటియే కాదు, దేశమంతయు ఇల్లే. అందుచేత మన కది చులకనయైనది. ఏదైన చాల యున్నప్పుడే దానియెడ మర్యాదగా నుండుట నేర్చుకొందము. ఒక్కటి మిగిలినప్పుడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.